తాళంచెవి ఒకటి, మనిషి ఒకరు

ఆయన అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు. ఫ్యాక్టరీలో గేటు మనిషి దగ్గర్నుంచి పెద్ద మేనేజరు దాకా అందరూ ఆయన్ని “చూశావా గారు” అనేవారు. ముఖాన కాదు లెండి, వెనకాల. ఎవరు ఏ పని చేసొచ్చి “అయిపోయింది సార్” అన్నా, ఆయన నోట్లోంచి ఊడిపడే మొదటి మాట “చూశావా?” స్విచ్చు ఆపానంటే చూశావా, తలుపు వేశానంటే చూశావా. అన్నం తిన్నానని చెప్పినా అలాగే అడుగుతాడని గిట్టనివాళ్ళు పుట్టించారు గానీ అది శుద్ధ అబద్ధం. అన్నం విషయంలో ఆయన మనుషుల్ని నమ్మేవాడు.

ఆయన ముప్ఫై నాలుగేళ్ళు చూసుకున్నది బ్రేకర్ల గది. అందులో బీరువాల్లాంటి ఇనుప పెట్టెలు పన్నెండు, ఒక్కోదానిలో ఒక బ్రేకరు. మనింట్లో మీటరు పక్కన ఉండే బుల్లి స్విచ్చుకు ముత్తాత అనుకోండి. ఫ్యాక్టరీలోని పెద్ద మోటార్లకు వెళ్ళే కరెంటును కలిపేదీ తెంపేదీ అదే. అంత కరెంటును నింపాదిగా కలిపితే మధ్యలో మంట లేస్తుంది. కలిపినా విడదీసినా రెప్పపాటులో జరిగిపోవాలి. మనిషి చేతికి అంత చురుకు ఎక్కడుంది? అందుకని లోపల ఒక లావుపాటి స్ప్రింగు పెట్టారు. చిన్న మోటారొకటి పది సెకన్లు గుర్రుమని దాన్ని బిగిస్తుంది. మోటారు మొరాయిస్తే పొడుగాటి పిడితో మనిషే బిగించాలి. బిగిసిన స్ప్రింగు ఒక కొక్కెం మీద ఆగి ఉంటుంది. ఆన్ బటన్ నొక్కితే కొక్కెం జారుతుంది, ఢామ్మని కరెంటు కలుస్తుంది. ఆ కలిసే ఊపులోనే, రేపు విడదీయడానికి ఉండే రెండో స్ప్రింగు కూడా బిగిసిపోతుంది.

“కలిసేటప్పుడే విడిపోయే బలం దాచుకుంటుందిరా ఇది. ఈ ముందుచూపు నా పెళ్ళప్పుడు నాకుంటే బాగుండేది” అనేవాడు ఆయనకు పని నేర్పిన పెద్దమేస్త్రి. అని నవ్వి, కుడిచెయ్యి పైకెత్తి చూపించేవాడు. ఆ చేతికి రెండున్నర వేళ్ళే ఉండేవి.

“కరెంటు పోతే దీపం చెబుతుంది. స్ప్రింగులో బలం ఉందో పోయిందో ఎవరు చెబుతారు? ఆ చిన్న కిటికీలో జెండా ఉంది, అదొక్కటే చెబుతుంది. పచ్చగా ఉంటే బిగిసి ఉన్నట్టు, తెల్లగా ఉంటే వదులైనట్టు. ఆ రోజు కరెంటు తీశాను, తాళం వేశాను, జెండా మాత్రం చూడలేదు” అనేవాడు.

చూశావా గారి నోట్లో ఆ మాట అలా పుట్టింది. అది వేళాకోళం మాట కాదు. ఎదుటివాడి చేతిని చూస్తే చాలు, ఆయనకు ఆ రెండున్నర వేళ్ళే కనబడేవి. ఆ భయం ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోని భయం చాదస్తంలా కనబడుతుంది, లోకం తీరు అంతే.

ఆయన నియమాలన్నిటికీ తలమానికం ఎర్రతాళం. బ్రేకరును బాగుచేసే ముందు దాని బటన్ల మీది మూతకు ఎర్రతాళం వేసి, ఎర్ర అట్ట తగిలించాలి. “మనిషి పనిలో ఉన్నాడు. ఈ తాళం వేసినవాడే తీయాలి” అని ఆ అట్ట మీద ఉంటుంది. మేనేజరొచ్చినా, మేనేజరు మామగారొచ్చినా ఇంకొకరు దాన్ని ముట్టుకోకూడదు. ఈ అట్టలు కొన్ని ఇంటికీ చేరాయి. ఒకసారి మిక్సీ బాగుచేస్తూ దానికి అట్ట తగిలించి, డ్యూటీకి వెళ్ళి, వరసగా రెండు షిఫ్టులు చేశాడు. ఆయనొచ్చేదాకా ఆ ఇంట్లో పచ్చడి లేదు. దానికి ఆయన భార్య మాటా పలుకూ లేకుండా పగ తీర్చుకుంది. ఆదివారం మధ్యాహ్నం ఆయన కుర్చీలో నిద్రపోతుంటే అదే అట్ట చొక్కా గుండీకి తగిలించేది. వచ్చిన చుట్టాలు “మనిషి పనిలో ఉన్నాడు” అని చదువుకుని, మునివేళ్ళ మీద వెనక్కి వెళ్ళిపోయేవారు.

ఇంటిమనిషే ఇలా ఉంటే ఆమె తమ్ముడి సంగతి చెప్పాలా? అతను అదే గదిలో ఫిట్టరు. బావ కింద పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్నాడు, పద్దెనిమిదేళ్ళుగా బావను అనుకరిస్తున్నాడు. క్యాంటీన్‌లో కళ్ళజోడు ముక్కు చివరికి దించి, ఉప్పు డబ్బా ముందు వంగి, “చూశావా?” అని దాన్ని అడిగేవాడు. బల్లలన్నీ పగలబడి నవ్వేవి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఆ ఫ్యాక్టరీలో చెప్పేవాడే లోకువ. నా మాట ఒక్కడి చెవికైనా ఎక్కిందా అని చూశావా గారు లోలోపల కుమిలిపోయేవాడు.

ఆయన రిటైరయ్యే రోజు వచ్చింది. పొద్దున్నే ఏడో నంబరు బ్రేకరు పని పెట్టుకున్నాడు. మధ్యాహ్నం బావమరిది దాని ముందు రేకు విప్పి, లోపల చెయ్యి పెట్టి గ్రీజు రాయాలి. దాన్ని ఆ పనికి సిద్ధం చేసి అప్పగించడం చూశావా గారి వంతు. బ్రేకరును ఆపాడు. గూట్లోంచి వెనక్కి లాగి, పెద్ద కరెంటు తగలని చోట నిలబెట్టాడు. ఇక మిగిలింది స్ప్రింగుల బలం తీసెయ్యడం. అప్పుడే అటెండరు తలుపు దగ్గర నిలబడి మొత్తుకోవడం మొదలుపెట్టాడు.

“సార్, పెద్దసారు మైకు పట్టుకుని నిలబడ్డారు! మీరు రాకుండానే మిమ్మల్ని పొగడటం మొదలెట్టేశారు!”

“వస్తున్నానయ్యా.”

ఆన్ నొక్కాడు, ఢామ్మంది. ఆఫ్ నొక్కాడు, టక్కుమంది. ఎక్కడో ఏదో గుర్రుమంటుంటే, పాపం అటెండరు పొద్దుట్నుంచి ఏమీ తినలేదేమో అనుకున్నాడు. మోటారు స్విచ్చు ఆపి, ఎర్రతాళం వేసి, చెవి జేబులో పడేసుకుని సభకు పరిగెత్తాడు.

సభలో ఆయన క్రమశిక్షణ గురించి పెద్దమేనేజరు నలభై నిమిషాలు మాట్లాడి, ఒక గోడ గడియారం చేతిలో పెట్టాడు. గేటు దగ్గర ఆయన పాసు వెనక్కి తీసుకుని, కంపెనీ జీపులో ఇంటి ముందు దించేశారు. గడియారం ఆగి ఉంది. భార్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఏవండీ, ఇన్నేళ్ళూ ఊరందర్నీ అడిగారు. ఇవాళ నేనడుగుతున్నా. అన్నీ చూసుకునే వచ్చారా?”

“చూసుకోకుండా ఎప్పుడైనా...” అని ఆగిపోయాడు.

చూడలేదు. జెండా చూడలేదు. గుర్రుమన్నది అటెండరు కడుపు కాదు. ముందు మోటారు స్విచ్చు ఆపి, ఆ తరవాత ఆన్, ఆఫ్ నొక్కాలి. ఆయన ముందు నొక్కేశాడు. స్ప్రింగు వదులు కాగానే మోటారు దాని పని అది చేసింది, పది సెకన్లలో మళ్ళీ బిగించేసింది. ఆ తరవాత ఆయన తాపీగా స్విచ్చు ఆపాడు. బిగిసి ఉన్న స్ప్రింగు మీద, భయం లేదు పని చేసుకోమని తన తాళమే వేసి వచ్చాడు. ఇంకాసేపట్లో అందులో చెయ్యి పెట్టబోయేది భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు.

బావమరిదికి ఫోన్ చేశాడు. పన్నెండుసార్లు మోగింది, ఎవరూ తీయలేదు. ఎలా తీస్తారు? బ్రేకర్ల గదిలోకి ఫోను తీసుకెళ్ళకూడదని నియమం పెట్టింది, గది బయట చెక్కపెట్టె కొట్టించి అందరి ఫోన్లూ అందులో వేయించింది ఆయనే. తాను తవ్విన గోతిలో తానే పడటం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఆఫీసుకు చేశాడు. రిటైరైనవాళ్ళ ఫిర్యాదులు బుధవారం తీసుకుంటామని పెట్టేశారు. భార్యను వెనక కూర్చోబెట్టుకుని స్కూటరు ఉరికించాడు.

గేటు మనిషి లేచి, నిండుగా సెల్యూట్ కొట్టి, గేటు మూశాడు.

“పాసు సార్.”

“ఇందాక నువ్వే కదయ్యా తీసుకున్నావు!”

“తీసుకున్నాను సార్. కాబట్టి మీ దగ్గర లేదని నాకు బాగా తెలుసు. సందర్శకుల చీటీ రాసిస్తాను, దాని మీద కరెంటు విభాగం ఇన్‌చార్జి సంతకం కావాలి.”

“ఇన్‌చార్జిని నేనే!”

“పదకొండున్నర దాకా సార్. ఇప్పుడా కుర్చీ ఖాళీ. ఎవరైనా వచ్చాక సంతకం పెట్టించుకుందురు గానీ, ఈలోగా జాగ్రత్తల వీడియో చూసెయ్యండి. ఇరవై నిమిషాలు.”

చెప్పడమే ఆలస్యం, టీవీ పెట్టేశాడు. తెర మీద చూశావా గారే ప్రత్యక్షమయ్యాడు, అయిదేళ్ళ కిందటి జుట్టుతో. “ముందు మోటారు స్విచ్చు ఆపాలి. తరవాతే ఆన్, ఆఫ్. ఆపైన జెండా. తెల్లగా ఉందా? చూశావా?” అని వేలు చూపించి మరీ అడిగాడు. కుర్చీలోని చూశావా గారికి ఏడుపొచ్చింది.

“ఒరే నాయనా, లోపల మనిషి చెయ్యి పోతుంది! ఇది ఆపు!”

“వీడియోలో చివరన మీరే అంటారు సార్, ఎంత పెద్దవాడైనా సగంలో లేపకూడదని.”

చేసేదేమీ లేక ఆయన జేబులోంచి ఎర్రతాళం చెవి తీసి బల్ల మీద కొట్టాడు. గేటు మనిషి ముఖం పాలిపోయింది.

“ఇది కంపెనీ సొత్తు కదండీ! గేటు దాటి బయటికెలా వచ్చింది? అర్జెంటుగా లోపలికి వెళ్ళిపోవాలిది.”

“మరి పంపించు!”

“తాళంచెవి నడవలేదు కదండీ.” ఒక్క క్షణం ఆలోచించి, సామాను చీటీల పుస్తకం తీశాడు. నాలుక బయటపెట్టి, ఒత్తి ఒత్తి రాశాడు: “తాళంచెవి ఒకటి. మోయుటకు మనిషి ఒకరు.” ‘తిరిగి ఇవ్వవలసిన సరుకు’ అన్న గడిలో మనిషికి ఎదురుగా టిక్కు పెట్టాడు. ముప్ఫై నాలుగేళ్ళు నౌకరీ చేసిన ఫ్యాక్టరీలోకి చూశావా గారు ఒక తాళంచెవి వెంట కూలీగా ప్రవేశించాడు.

బ్రేకర్ల గది దాకా ఎలా పరిగెత్తాడో ఆయనకే తెలియదు. తలుపు తోశాడు. ఏడో నంబరు ముందు స్టూలు మీద బావమరిది కూర్చుని ఉన్నాడు. చేతులు కట్టుకుని ఉన్నాడు. పక్కన గ్రీజు డబ్బా మూత కూడా తీయలేదు. ముందు రేకు మరలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

“చెయ్యి పెట్టకు!” అని అరిచాడు చూశావా గారు, ఎదురుగా కనిపిస్తున్నా నమ్మలేక.

“పెట్టలేదు బావా. జెండా పచ్చగా ఉంది.”

“చూశావా?”

“చూశాను.”

చూశావా గారు గోడకు ఆనుకుని కాసేపు ఊపిరి తీసుకున్నాడు.

“మరి ఎవరికైనా చెప్పొచ్చు కదరా! ఎంతసేపట్నుంచి ఇలా కూర్చున్నావు?”

బావమరిది నేల చూపులు చూశాడు. “సభ మొదలైనప్పుడే సామాను సర్దుకుందామని వచ్చా. ఏమని చెప్పను? చూశావా గారు జెండా చూడలేదని చెప్పనా? అదీ ఇవాళా? అవతల మైకులో నిన్ను పొగుడుతుంటే ఇక్కడిదాకా వినబడింది. నీ తాళం నువ్వే తీయాలి. నీకు గుర్తొస్తుంది, నువ్వొస్తావని కూర్చున్నా.”

ముప్ఫై నాలుగేళ్ళ తన మాట ఎక్కడికి పోయిందో చూశావా గారికి తెలిసింది. ఉప్పు డబ్బాతో వేళాకోళం చేసినవాడి దగ్గరే అది భద్రంగా ఉంది. ఆనందంతో ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడాన్ని బావమరిది చూడనట్టు నటించాడు. రేపు క్యాంటీన్‌కు మాత్రం పనికొస్తుందని దాచుకునే ఉంటాడు.

ఇద్దరూ కలిసి మొదట్నుంచి చేశారు. మోటారు స్విచ్చు ఆగి ఉందని చూశారు. తాళం తీశారు. ఆన్ నొక్కితే ఢామ్మంది. ఆఫ్ నొక్కితే టక్కుమంది. ఈసారి ఏదీ గుర్రుమనలేదు. రెండు తలలూ కిటికీ మీదికి వంగాయి. జెండా తెల్లగా ఉంది. మళ్ళీ బటన్ల మూత వేసి తాళం వెయ్యబోతూ, చూశావా గారు అలవాటుగా చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బావమరిది తన తాళం వేశాడు, తన పేరున్న అట్ట తగిలించాడు. ఆయన తాళమూ చెవీ గోడ మీది మేకుకు చేరాయి.

బయటికి వచ్చేసరికి గేటు మనిషి చీటీ పట్టుకుని నిలబడ్డాడు.

“చెవేది సార్?”

“లోపల పెట్టేశాను.”

“అయితే చిక్కే. చీటీలో మనిషి తిరిగి ఇవ్వవలసిన సరుకు. మీ అంతట మీరు వెళ్ళిపోవడానికి లేదు. ఎవరో ఒకరు అందుకున్నట్టు సంతకం పెట్టాలి.”

స్కూటరు పక్కన అంతసేపూ చెంగు నలుపుతూ నిలబడి ఉన్న భార్య ముందుకొచ్చింది. తమ్ముడి సంగతి ఆమె అడగలేదు, ఆయన ముఖం చూస్తే చాలింది. భర్త చేతులు రెండూ పట్టుకుని, వెనక్కీ ముందుకీ తిప్పి, వేళ్ళు లెక్కపెట్టింది. మళ్ళీ ఒకసారి లెక్కపెట్టింది. తరవాత పుస్తకం తన వైపు లాక్కుని, గేటు మనిషి పెన్నుతోనే రాసింది:

“మనిషి ఒకరు. వేళ్ళు పది. చూసుకుని తీసుకున్నాను.”