ఎర్రమన్ను పట్టిన బొబ్బెర్లు

లింబాద్రికి మనుషుల్ని నమ్ముడన్నది మొదటి సందే లేదు. గల్ఫుల ఘాలా లేబర్ క్యాంపుల ఉన్న తొమ్మిదేండ్లూ పెట్టెకు రెండు తాళాలేసి, ఒక చెవి మొలతాడుకు, ఇంకోటి సాక్సుల పెట్టుకొని పన్నడు. జగిత్యాల దిక్కోడు, యాభై మూడేండ్లు. మోకాళ్లు అరిగి సైట్ పని చాతగాక, బురైమి పోయే రోడ్డు మీద అజీజా అనే అరబ్బు ముసలామె తోటల పనికి కుదిరిండు. పనోళ్లు ఆమెను 'మామా' అని పిలుస్తరు, అమ్మా అన్నట్టు.

తోట పక్కనే పాత రాగి గని. మూతపడి ఏండ్లయింది. పనోళ్ల ఊరు కూడా ఖాళీ, కూలిన గోడలు, ఎర్రటి మన్ను దిబ్బలు. గని నడిచినన్నాళ్లు అజీజా వాళ్లమ్మ ఆ పనోళ్లకు ఈ తోటల పండిన ఎర్రచుక్కల బొబ్బెర్లే వండి పెట్టిందట. ఆ గింజ ఇంకెక్కడా లేదని ముసలామె నమ్మకం. యేటా ఒక సీసెడు విత్తనం దాస్తది. ఈసారి ఆ సీసా లింబాద్రి చేతిల పెట్టి, ఇవి పోతే మా అమ్మ చేతివంట పోయినట్టేనని చెప్పింది. ఇంత నమ్మకం తన మీద ఎవరూ పెట్టలేదు. లింబాద్రి పొంగిపోయిండు.

ఊళ్లె వాళ్లమ్మ దేవవ్వ కందులకు ఎర్రమన్ను పట్టిచ్చి ఎండబెట్టేది. పురుగు దగ్గరికొచ్చేది కాదు. తోటల చూద్దామంటే మన్నంతా బూడిదరంగు గులకనాయె. అందుకని తోట డ్రైవర్, తెలుగోడే అయిన వహీద్‌ను బతిమాలి, పికప్‌ల గని దిబ్బ కాడికి పోయి బకెట్టెడు ఎర్రమన్ను తెచ్చుకున్నడు. అచ్చం మా ఊరి మన్నే అని మురిసిపోయి, గింజలకు పట్టిచ్చి ఎండబెట్టి స్టోర్ రూంల పెట్టిండు. మన్ను సాలక మిగిలిన గుప్పెడు గింజలు ఒక డబ్బాల ఏసి వాటి పక్కనే పెట్టిండు.

దసరా దాటినంక మడులన్నీ నాటిండు. డబ్బాల గుప్పెడు కాలువ గట్టున గుచ్చి మర్చిపోయిండు.

పదిదినాలు గడిచినై. మడుల ఒక్క మొలక లేదు. తవ్వి చూస్తే గింజలు మెత్తగ మురిగినై. కొంప మునిగింది! ముసలామెకు ఏ మొఖం చూపియ్యాలె?

ఇంకెవడు, వహీదే. స్టోర్ రూం రెండో తాళంచెవి వానికాడనే ఉంటది. వారం వారం బురైమి మార్కెట్‌కు పోతడు. మొన్న కొత్త ఫోన్ పట్టుకొచ్చిండు. మంచి గింజలు అమ్ముకొని పుచ్చినవి పెట్టిండు, మన్ను పూసినంక ఎవడు గుర్తువడ్తడు! ఇగ లింబాద్రికి వహీద్ తిన్నా అనుమానమే, ఫోన్ల మాట్లాడినా అనుమానమే.

"ఏం లింబన్నా, మొలకలు రాలేదా?" అని వహీద్ ఒకనాడు మెల్లగ అడిగిండు.

ఓరి వీని! నేను చెప్పకముందే వీనికెట్ల తెలిసింది? దొంగ తనంతట తానే బయటపడ్డడని, లింబాద్రి ఆ పొద్దే పోయి అజీజాకు చెప్పిండు.

ఆమె వహీద్‌ను పిలిచింది. వాడు లింబాద్రి దిక్కు ఒక్కసారి చూసి, "నేను తీయలేదు మామా" అని తాళంచెవి చాప మీద పెట్టిండు. శనివారం వెళ్లిపొమ్మన్నదామె.

శనివారం పొద్దుగాల నీళ్లు మళ్లించబోయి లింబాద్రి కాలువ గట్టున ఆగిపోయిండు. గుప్పెడు గింజలూ మొలిచినై! రెండేసి ఆకులు, పచ్చగ. అవే సీసాల గింజలు. మన్ను పట్టియ్యనివి, అంతే తేడా. అంటే గింజల్ని చంపింది ఆ ఎర్రమన్నే, వహీద్ కాదు.

నోరు మూసుకుంటే అయిపాయె, వహీద్ ఎట్లాగూ పోతుండు. చెప్తే ఉన్న డ్యూటీ పోతది. అయినా పోయి అజీజాను తోలుకొచ్చి మొలకలు చూపెట్టి, తప్పు నాదేనన్నడు. ఆమె మొలకల కాడ కూలబడి ఒక్కొక్కదాన్నే తడిమింది. వహీద్‌ను తీసుకురా అన్నది.

వహీద్ రోడ్డు మీద బ్యాగుతోటి బస్సు కోసం నిలవడ్డడు. లింబాద్రి కుంటుకుంట ఉరికిండు.

"తమ్మీ, రా! మామా పిలుస్తుంది. ఆ మన్నే చంపింది, నాదే తప్పు."

"తెలుసన్నా" అన్నడు వహీద్. "ఆ దిబ్బ మీద గడ్డిపోచ కూడా మొలవదు, అంతా రాగి విషం. నీ మడులు చూసినప్పుడే నాకు అర్థమాయె."

"మరి మామాకు చెప్పలేదేందిరా?"

"చెప్తే నిన్ను పంపించేస్తాది. నీ వయసుకు ఇంకో పని యాడ దొరుకుతాది? నాకు లైసెన్సన్నా ఉంది."

లింబాద్రికి దుఃఖమాగలే. వాని బ్యాగు పట్టుకొని, "కాళ్లు మొక్కుత, రారా" అన్నడు.

వహీద్ ఆ చేతుల్ని మెల్లగ విడిపించిండు. "వచ్చినాననుకో అన్నా. రేపు మామా బంగారం కనపడకపోతే? నువ్వు ముందు ఎవరి పెట్టె చూస్తావు?"

నీది చూడనని చెప్దామని లింబాద్రి నోరు తెరిచిండు. చెయ్యేమో మొలతాడుకున్న తాళంచెవి మీదికి పోయింది. తన సంగతి తనకు తెల్వదా?

బస్సొచ్చింది. వహీద్ ఎక్కిండు.