తాడు వంగింది

తలనిండా జుట్టున్నా ఆయన్ని అందరూ గుండు మేస్త్రీ అనేవారు. గోడ నిలువుగా లేచిందో లేదో చూడ్డానికి మిగతా తాపీ మేస్త్రీలు తాడుకు ఇనపగుండు కట్టి వేలాడదీస్తారు. ఈయన ఒక కన్ను మూసి, "వెంట్రుకవాసి అటు ఒరిగింది" అనేవాడు. తర్వాత గుండు వేసి చూస్తే అంతే ఒరిగి ఉండేది.

ఆ కన్ను చూసుకునే అంత పొగరు. దానికి రోజూ బలయ్యేది బావమరిది. అక్క పెళ్లైన ఏడాదే బావ దగ్గర తాపీ పట్టాడు. ఇన్నేళ్లలో "బాగుంది" అన్న ఒక్క మాట బావ నోట వినలేదు.

ఆరోజు బావమరిది కట్టిన గోడ ముందు మేస్త్రీ ఆగాడు.

"ఏరా, ఇది గోడా, మీ నాన్న నడుమా? మధ్యలో ఇలా వంగిందేంటి?"

"మా నాన్న నీకు మామే కదా బావా, కాస్త మర్యాద! గోడ నిలువుగానే ఉంది. గుండు వేసి చూసుకో."

"నాకే గుండా!"

సుత్తి అందుకుని పై వరసలు పడగొట్టేశాడు. పచ్చిగోడ, ఇట్టే కూలింది. బావమరిది పళ్లు బిగబట్టి, మిగిలిన గోడకు గుండు వేలాడదీశాడు.

"ఇప్పుడు చూడు."

మేస్త్రీ చూశాడు. తాడు కూడా వంగే ఉంది.

కింద బరువు లాగుతుంటే తాడు వంగదు. ఆయన సుత్తి కింద పెట్టి, ఇసుక గుట్ట మీద కూలబడ్డాడు.

కంటి డాక్టరమ్మ చుక్కలు వేసి చూసింది, రక్తం పరీక్ష చేయించింది.

"మీకు షుగరుంది."

"నిన్నటిదాకా లేదమ్మా."

"నిన్నటిదాకా తెలీలేదు. ఏళ్లుగా ఉండుంటుంది. రెండు కళ్లలోనూ సన్నని రక్తనాళాలు కారి, వెనక పొర వాచింది. అందుకే తిన్ననివి వంకరగా కనిపిస్తున్నాయి."

"గోడలో చెమ్మలాగన్నమాట. మచ్చ పైకొచ్చేసరికి లోపల..." ఆగి, అడిగాడు. "తాడు మళ్లీ తిన్నగా కనిపిస్తుందా?"

"కంట్లో ఇంజెక్షన్లు వేస్తాం. షుగరు అదుపులో పెట్టుకోండి. పోయిన చూపు ఎంత తిరిగొస్తుందో మాత్రం చెప్పలేను."

జబ్బు ఎవరికైనా వస్తుంది. ఆయనకు మాత్రం పొగరున్న చోటే వెతుక్కుని వచ్చింది.

రెండు ఇంజెక్షన్లయ్యాక పనిలోకి వచ్చాడు. కూలిన గోడను బావమరిది మళ్లీ కట్టి, గుండు వేలాడదీసి ఉంచాడు.

"చూసి చెప్పు బావా."

అలవాటుగా ఒక కన్ను మూశాడు. తాడు వంకర. రెండోది మూసినా వంకరే. దగ్గరికెళ్లి, తాడును రెండు వేళ్ల మధ్య పట్టి మెల్లగా కిందికి తడిమాడు. వేలాడే తాడును ముట్టుకోవద్దని బావమరిదికి నేర్పింది ఆయనే.

"బాగుందిరా," అన్నాడు.

బావమరిది మొహం అటు తిప్పుకుని, కలపాల్సిన సిమెంటేమీ లేకపోయినా, సిమెంటు కలపమని కూలీల మీద అరిచాడు.