పరదా దోబీ దగ్గర ఉంది

చాచా పోయాడు. సుగుణ ఫోన్ చేసి చెప్పింది.

"చాచా పోయిండంటనే. పొద్దుగాల నమాజుకని లేచి మంచంల కూసున్నడంట. గట్లనే ఒరిగిండంట."

సుగుణ చర్చి కాంపౌండ్‌లో పుట్టి పెరిగిన పిల్ల, నాతో డిగ్రీ చదివింది, తర్వాత టీచరైంది.

చాచా మాకు చుట్టం కాదు. మెదక్‌లో బస్టాండ్ ఎదురుగా హోటల్ నడిపిన మనిషి. హోటల్ అంటే గదులుండేది కాదు, మా దగ్గర చాయ్ దొరికే చోటును హోటల్ అంటారు. నడివయసు దాటిన మెదక్ వాళ్లకు చాచా అంటే చాలు, ఏ చాచా అని ఎవరూ అడగరు.

మధ్యాహ్నానికల్లా ఊరి వాట్సాప్ గ్రూపు నిండిపోయింది. ఆ చాయ్ రుచి మళ్లీ రాదన్నారు. ఆ సమోసాలు, ఆ దోస్తులు, ఆ రోజులే వేరన్నారు. ఒకాయన రామాయంపేట రోడ్డు మీద డాబాను తలుచుకున్నాడు, ఇంకొకాయన టాకీసు పక్కన మిర్చి బండిని. చదువుతుంటే ఏడవాల్సిన నాకు ఒళ్లు మండింది. రాసిన వాళ్లందరూ మగవాళ్లే. అయ్యలారా, ఆ హోటళ్లలో మీ అమ్మలు ఏ కుర్చీలో కూర్చున్నారో కాస్త చెప్పండి. మీ అక్కలు? మీరు పోగొట్టుకున్నామని ఏడుస్తున్న స్వర్గం మెట్టు కూడా సగం ఊరు ఎక్కలేదు. జ్ఞాపకాలు రాసుకోండి, కాదనను. సగం ఊరి జ్ఞాపకాన్ని మొత్తం ఊరి పేరు మీద మాత్రం రాసుకోకండి.

ఎల్దుర్తి నుంచో టేక్మాల్ నుంచో దవాఖానకు వచ్చిన ఆడమనిషి, తిరుగు బస్సు కోసం బస్టాండ్ అరుగు మీద కూర్చునేది. మొగుడు హోటల్లోకి పోయి, ఫ్యాన్ కింద తీరిగ్గా చాయ్ తాగి, మూతి తుడుచుకుంటూ ఆమెకొక గ్లాసు పట్టుకొచ్చేవాడు. ఆమె నేల మీదే తాగేది. నేను చూసిన పాత మెదక్ అదీ.

చాచా హోటల్ కూడా మొదట అలాంటిదే. రెండు మల్గీలు, అంటే అద్దె దుకాణం గదులు, కలిపి ఒక హాలు, ముందు చాయ్ కాచే బట్టీ, డబ్బుల గల్లా మీద చాచా. వెనక మూలన చెక్కలు కొట్టి ఒక గది కట్టి, దానికి గోధుమరంగు పరదా వేలాడదీసి, పైన 'ఫ్యామిలీ రూం' అని రాయించాడు. ఆడవాళ్లొస్తే అందులోనే. ఫ్యాన్ లేదు, కిటికీ లేదు. గోడకు అవతల గ్లాసులు కడిగేవారు కాబట్టి ఎప్పుడూ తడివాసన. చాయ్ తెచ్చేవాళ్లు పరదా కింద కనిపించే కాళ్లను చూసి ఎన్ని గ్లాసులో తెలుసుకునేవారు. నేనూ సుగుణా కాలేజీ అయ్యాక అక్కడ కూర్చునేవాళ్లం. నాకు కావలసింది పెద్ద విప్లవమేమీ కాదు. ఊళ్లో ఒక కుర్చీ. రోడ్డు చూస్తూ చాయ్ తాగడానికి ఒక మామూలు కుర్చీ.

చాచా నన్ను వకీలమ్మా అని పిలిచేవాడు. నేను వకీలును కాలేదు, కాను కూడా. పరదా మీద, చాయ్‌లో పాల మీద, దేవుడి మీద, దేనిమీదైనా అతనితో వాదించేదాన్ని. అతను గల్లా తుడుస్తూ వినేవాడు. నా వాదన ఎక్కువైతే, "చాయ్ సల్లారుతుంది వకీలమ్మా, కేసు రేపటికి వాయిదా" అనేవాడు.

రంజాన్ నెల వస్తే పగటిపూట హోటల్ ముందు నిలువునా పెద్ద పరదా కట్టేవాడు. ఉపవాసం ఉన్నవాళ్ల కళ్లముందు తినడం బాగుండదని మా వైపు హోటళ్లలో అదొక మర్యాద. హిందువులు, క్రైస్తవులు, ఒంట్లో బాగాలేని ముస్లిములు, బాగానే ఉండీ ఉపవాసం లేనివాళ్లు, అందరూ దాని వెనకే తినేవారు. పరదా దాటి ఎవరొచ్చారో చాచా ఎన్నడూ తల తిప్పి చూడలేదు. తాను మాత్రం పొద్దంతా గుక్కెడు నీళ్లు తాగకుండా ఊరందరికీ చాయ్ పోసేవాడు.

"తినేటోడు దొంగనా చాచా? ఎందుకు దాచుడు?" అని అడిగాను ఒకసారి.

"ఉపాసం నాది. ఆకలి ఆయనది. నడుమ ఒక బట్టుంటే ఇద్దరికీ ఇజ్జత్" అన్నాడు.

ఆ మాట నాకు నచ్చింది. నచ్చిందని మాత్రం చెప్పలేదు.

ఒక ఏడు రంజాన్‌కు ముందు పెద్ద పరదాను బయటికి తీస్తే ఎలుకలు సగం కొట్టేసి ఉన్నాయి. చాచా ఫ్యామిలీ రూం పరదా ఊడదీసి, గల్లా మీద కూర్చుని, తానే సూది పట్టి రెండింటినీ కలిపి కుట్టాడు. ముందు వాకిలికి కొత్త పరదా వచ్చింది. వెనక గది బోసిపోయింది.

రంజాన్ మొదలయ్యాక మేం వెళితే తల గోక్కున్నాడు. "గది తెరిచి ఉన్నది బిడ్డా. ఎట్ల కూసుంటరు?"

"వాకిట్ల గంత పెద్ద పరదా ఉన్నది గదా చాచా," అన్నాను. "ఈ నెల ఊర్ల మొగోళ్లందరు పరదా ఎనకనే తాగుతున్నరు. మాకు లోపల ఇంకోటెందుకు?"

అతను నవ్వాడు. "లా పాయింటే" అన్నాడు. లేచి, భుజం మీది బట్టతో ఫ్యాన్ కింద కుర్చీ తుడిచాడు. ఎంత శుభ్రంగా ఉన్నా సరే, కూర్చునే ముందు కుర్చీ తుడవడం అతని అలవాటు. అయితే ఆడపిల్లల కోసం ఆ హాల్లో కుర్చీ తుడవడం అదే మొదలు. మేం కూర్చున్నాం. చాయ్ మీద ఫ్యాన్ గాలి తగిలితే మీగడ ముడుచుకుంటుందని నాకు అప్పుడే తెలిసింది.

పండుగ అయింది. ముందరి పరదా విప్పి, మడిచి, అటక మీద పెట్టాడు. వెనక గదికి ఏమీ కట్టలేదు. మేం ఫ్యాన్ కిందే కూర్చున్నాం. రోజూ వచ్చే పెద్దమనిషి ఒకాయన ఇబ్బందిగా కదిలాడు.

"చాచా, ఎనక పరదా ఏమైంది?"

"దోబీ కాడుంది."

వారాలు గడిచాయి. మళ్లీ అడిగాడు. "ఏ దోబీ చాచా, టేక్మాల్ దోబీయా?"

"ఆఁ, టేక్మాలే. వానకాలం బట్టలారయి."

"గిది ఎండకాలం గదా."

"ఎండకాలం నీళ్లుండయి."

"ఆడోళ్లు గిట్ల నడిమిట్ల కూసుంటే మేమెట్ల కూసునేది?"

"కూసునుడు రాకుంటే నిలవడి తాగు. చాయ్ గదే."

ఆ తర్వాత ఎన్నేళ్లయినా ఆ పరదా దోబీ దగ్గరే ఉండిపోయింది. ఏటా రంజాన్‌కు అది వాకిట్లో పెద్ద పరదాకు అతుకై వేలాడుతూ కనిపించేది. ఊరంతా చూసేది. ఎవరూ అనలేదు.

మా ఇంట్లో మాత్రం అన్నారు. మా అన్న హోటల్‌కు వెళ్లాడు. "మా చెల్లె రోడ్డు మీదోళ్లకు కనవడేటట్టు కూసుంటుంది. జర లోపల కూసోబెట్టు చాచా."

"లోపల కుర్చీలు ఖాళీగనే ఉన్నయి బేటా. కనవడుడు ఇష్టం లేకుంటే నువ్వు పొయ్యి కూసో."

అన్న ఇంటికొచ్చి ఎగిరాడు. కాలేజీ మాన్పిద్దామన్న మాట వచ్చింది. అమ్మ ఒక పూట అన్నం మానేసి ఆ మాటను ఆపింది. మర్నాడు చాచాకు చెప్పాను.

"ఇంక రావా మరి?"

"వస్త."

"లొల్లి?"

"లొల్లి ఇంట్ల. చాయ్ ఈడ."

అప్పటి నుంచి బస్టాండ్ అరుగు మీద కూర్చున్న ఆడవాళ్లను చాచా గల్లా మీది నుంచే పిలవడం మొదలుపెట్టాడు. ఒకసారి ఒకావిడ చంకలో జ్వరం పిల్లతో మెట్టు దగ్గర ఆగిపోయింది. "వద్దయ్యా, మా ఆయన వస్తడు" అంది. "ఆయన వచ్చేదాంక కుర్చీ ఏం జేస్తది తల్లీ, కూసో" అన్నాడు. అప్పటికే కుర్చీ తుడుస్తున్నాడు. ఆమె అంచు మీద కూర్చుంది. పిల్లను పడుకోబెట్టాక వెనక్కి ఆనుకుంది. మొగుడు వచ్చి, పక్కన కూర్చుని తనకూ ఒక చాయ్ చెప్పాడు.

అయినా నాకూ చాచాకూ ఒక తగాదా తెగలేదు. దోబీ పేరు చెప్పడం దేనికి, తీసేశానని చెప్పొచ్చు కదా అని నేను. "చెప్తే లొల్లి, చెప్పకుంటే చాయ్" అని అతను. నేను ఇప్పటికీ ఒప్పుకోను. నోరు విప్పి చెప్పకుండా తీసేసిన పరదాను రేపు ఇంకొకడు నోరు విప్పకుండానే మళ్లీ కడతాడు. పైగా చెప్పకుండా చేసే మంచి వీధిలో నడుస్తుందేమో కాని, సొంతింటి గడప దగ్గర ఆగిపోతుంది. దానికి సాక్ష్యం చాచా భార్య, మా చాచీ.

హోటల్ సమోసాలన్నీ చాచీ చేసినవే. వెనక గల్లీలో ఇల్లు. కోడి కూయకముందే లేచి పిండి పిసికి, ఉల్లిగడ్డ తరిగి, మడతలు పెట్టి గంపకెత్తేది. గంప రోజూ హోటల్‌కు వచ్చేది. ఆమె ఎన్నడూ రాలేదు.

"చాచీ ఎన్నడన్న ఈడ కూసున్నదా చాచా?"

"ఆమెకు ఈడేం పని?"

"నాకేం పనున్నదని కూసోనిస్తున్నవు?"

గల్లా తుడిచాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు. "పిలిచిన. రానంటది."

నేను ఊరుకునే రకం కాదు. చాచీ దగ్గరికే వెళ్లి అడిగాను. ఆమె మడతలు పెడుతూనే జవాబిచ్చింది. "నేనొచ్చి గాడ కూసుంటే ఆయన ఇజ్జత్ పోతది బిడ్డా."

"చాచా అన్నడా గట్ల?"

"అనలే. రమ్మని గూడ అనలే."

మళ్లీ హోటల్‌కొచ్చాను. "పిలవలేదంట గదా."

"మనసుల పిలిచిన" అన్నాడు.

"మనసుల పిలిస్తే ఎవలకినవడుతది చాచా?"

చాయ్ చల్లారుతుందని అనలేదు ఈసారి. కేసు వాయిదా కూడా వేయలేదు. బట్టీ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఏళ్లు గడిచాయి. నేను పత్రికలకు రాయడం మొదలుపెట్టాను, తిట్లు తినడమూ నేర్చుకున్నాను. నా వ్యాసం వచ్చిన రోజు పేపర్ మడత విప్పకుండా నాకోసం గల్లా మీద పెట్టి ఉంచేవాడు. "ఇయ్యాల ఎవలను కడిగినవు వకీలమ్మా?" అనేవాడు. తెలుగు చదవడం రాదు. నా పేరు ఎక్కడుందో వేలుపెట్టి చూపించమనేవాడు.

తర్వాత మల్గీల ఓనర్ కొడుకులు కాంప్లెక్స్ కడతాం, ఖాళీ చేయమన్నారు. ధర్నా చేద్దామన్నాను. "మల్గీ వాళ్లది. బట్టీ నాది. బట్టీ తీస్కపోత" అన్నాడు. బట్టీ ఇంటికి పోయింది కాని మళ్లీ వెలగలేదు. అప్పటికే మోకాళ్లు సహకరించడం లేదు. ఇప్పుడక్కడ కింద సెల్‌ఫోన్ల షోరూం, పైన ఏసీ రెస్టారెంట్. దాంట్లో మళ్లీ ఒక ఫ్యామిలీ సెక్షన్, దానికి నల్ల ఫిల్మ్ వేసిన అద్దం. రోడ్డు వెంట కొత్త చాయ్ కౌంటర్లకు అసలు కుర్చీలే లేవు. బైకులు ఆపుకుని మగపిల్లలు నిలబడి తాగుతారు. దవాఖానకు వచ్చిన ఆడమనిషి మళ్లీ బస్టాండ్ అరుగు మీదికే చేరింది. ఆ రోజులు తిరిగి రావాలని ఏడ్చేవాళ్లు దీని గురించి ఒక్క ముక్క రాయండి, చదువుతాను.

చాచా పోయిన రోజు నేనూ సుగుణా ఇంటికి వెళ్లాం. మగవాళ్లు జనాజా ఎత్తుకుని కబరస్తాన్ వైపు వెళ్లారు. చాచీ లోపలి గదిలో గోడకు ఆనుకుని కూర్చుంది. నా చేయి పట్టుకుంది.

"నీ లొల్లి ఇనెటోడు పోయిండు బిడ్డా."

ఆమె నా చేతిని ఒకసారి నొక్కి, "ఆ దినం యాదికున్నదా?" అని అడిగింది. ఏ దినమో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

హోటల్ చివరి దినం అది. వార్త తెలిసి ఊరంతా వచ్చింది. కుర్చీలు చాలక కొందరు గోడకు ఆనుకున్నారు. మధ్యాహ్నం చాచా గల్లా వదిలేసి ఎటో వెళ్లాడు. ఉన్నంతకాలం చాయ్ వేళకు గల్లా వదిలిన మనిషి కాదు. కాసేపటికి తిరిగి వచ్చాడు. పక్కన చాచీ ఉంది. నల్ల బురఖా, ముఖం మీద ముసుగు లేదు. మెట్టు ఎక్కుతూ ఒక్క క్షణం ఆగింది. లేచి నిలబడాలో సలాం చెప్పాలో ఎవరికీ తెలియలేదు.

చాచా ఆమెను ఫ్యాన్ కింద టేబుల్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఎన్నడూ గట్టిగా మాట్లాడని మనిషి, హాలు మొత్తానికి వినిపించేలా చెప్పాడు.

"ఇన్నేండ్లు మీరు తిన్న సమోసలు ఈమె చేసినయి. నేను ఒక్క దినం గూడ ఈమెను ఈడికి పిలవలే. ఇయ్యాల పిలిచిన. ఈమె కూసుంటది. చాయ్ నేను తెస్త."

చాచీ కూర్చుంది. చాచా తెచ్చిన చాయ్‌ని సాసర్‌లో పోసుకుని ఊదుకుని తాగింది. చుట్టూ చూసింది. గోడలు, అద్దం, గడియారం. ఆయన నోటి నుంచి విన్నవన్నీ విన్నచోటే ఉన్నాయో లేదో పోల్చుకుంటున్నట్టుంది.

"చక్కెర గింతేస్తవా అందరికి?"

"ఏస్తనే వస్తరు."

హాలంతా నవ్వింది. ఆమె కుర్చీని కొద్దిగా జరుపుకుని రోడ్డు వైపు తిరిగి, రెండో సమోసా తీసుకుంది.

అప్పుడు చూశాను. చాచీ చెప్పులు వాకిట్లో ఉన్నాయి. హోటల్‌లోకి ఎవరైనా చెప్పులు విప్పి వస్తారా? ఆమె వచ్చింది. ఇంట్లోకి వచ్చినట్టే అనుకుందో, తనది కాని చోటికి వచ్చాననుకుందో, ఆమెనూ అడగలేదు, నేనూ తేల్చుకోలేదు. అరిగిపోయిన రబ్బరు చెప్పులు, మడమ దగ్గర మైదా అంటుకుని ఉన్నాయి. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు, బూట్లవాళ్లు, పెద్దమనుషులు, అందరూ ఆ ఇరుకు వాకిట్లో ఒక్క క్షణం ఆగి, కిందికి చూసి, కాలు ఎత్తి వాటిని దాటుకుని నడిచారు. ఒక్కరూ పక్కకు జరపలేదు.