వెదురు గాలానికి కొత్త దారం

ఉద్యోగంలో చేరిన ఆ కొత్తలో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఉన్నా, ఒప్పుకునే అలవాటు ఉండేది కాదు. ఢిల్లీ పక్కన వైశాలిలో బాబాయి వాళ్ళింట్లో ఉంటూ నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. కేంద్ర ప్రభుత్వంలో పనిచేసే బాబాయికి పై అధికారి ఒకాయన రిటైరవుతూ పాతకాలపు వెదురు గాలపు కర్ర ఇచ్చి వెళ్ళాడు. హిమాచల్ ఏట్లో దానితో ఒక్క చేపైనా పట్టాలని బాబాయి కోరిక. సెలవు దొరికింది, టికెట్లు వచ్చాయి, తీరా తీసి చూస్తే దాని పట్టుదారం చివికి ముక్కలైపోయింది. "కొత్తది నేను తెస్తాగా బాబాయ్" అన్నాను (అప్పటికి నేను చేపను దగ్గరగా చూసింది పిన్ని పులుసులోనే).

ఈ రకం వేటలో ఎరంటే కొక్కేనికి ఈకలు కట్టి చేసిన ఈగ బొమ్మ. దానికి బరువుండదు, దారం బరువే దాన్ని మోసుకుపోవాలి. నాకదేం తెలుసు? పాతదంత సన్నని ప్లాస్టిక్ దారం తెచ్చాను. ఇంటి ఎదుటి పార్కులో బాబాయి విసిరితే కాళ్ళ దగ్గరే కుప్పగా పడింది. మర్నాడు దుకాణంలో అన్నిటికన్నా లావుది తెచ్చి నేనే విసిరాను. కర్ర విల్లులా వంగి కిర్రుమంది. "ఆపరా, విరుగుతుంది!" అని బాబాయి అరిచేలోపు ఈగ వెళ్ళి వాకింగ్ చేస్తున్న ఒక ఆంటీ చున్నీకి తగులుకుంది. "భాయ్‌సాబ్, యహాఁ మఛ్లీ కహాఁ హై?" అని, పార్కులో చేపలెక్కడివన్నట్టు చూసిందావిడ. బాబాయి ఆ కొక్కెం విడదీసి, "పోనీలేరా, ఊరికే కొండలు చూసొస్తాలే" అన్నాడు.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. రాత్రంతా నెట్‌లో వెతికితే, ఇలాంటి దారానికి మొదటి ముప్పై అడుగుల బరువే కొలత అని తెలిసింది. తెల్లారాక చివికిన ముక్కలన్నీ హాల్లో వరసగా పరిచి, మొదటి ముప్పై అడుగులూ ఏరి, కవర్లో వేసుకుని, సన్న తూకం కోసం నగల దుకాణానికి వెళ్ళాను. "యే సోనా హై క్యా భయ్యా?" ఇదేమైనా బంగారమా అన్నాడు దుకాణదారు. నా మొహం చూసి నవ్వాపుకుని, బంగారం తూచినంత శ్రద్ధగా తూచి చీటీ రాసిచ్చాడు. గాలాల దుకాణం అంకుల్ ఆ చీటీ చూసి, "అరె బేటా, డబ్బా మీద నంబరంటే బరువేగా! లావు కాదు" అని మధ్యరకంది చేతిలో పెట్టాడు.

మర్నాడు పార్కులో బాబాయి విసిరితే దారం గాలిలో తీరిగ్గా విచ్చుకుని, ఈగ గడ్డి మీద మెత్తగా వాలింది. మళ్ళీ విసిరాడు, మళ్ళీ మళ్ళీ విసిరాడు. "ఏవండీ, ఆఫీసుకి వెళ్ళరా?" అని పిన్ని బాల్కనీలోంచి కేకేసేదాకా విసురుతూనే ఉన్నాడు.

హిమాచల్‌లో అరచేయంత చేప ఒకటి పడిందట. "పాపం, నాకన్నా అదే ఎక్కువ కంగారు పడిందిరా, వదిలేశాను" అన్నాడు వచ్చాక.

ఈ మధ్య మా ఇంట్లో కుళాయి కారుతుంటే రెండు నెలలు బకెట్ పెట్టి సర్దుకున్నాను. దారం ముక్కలు తూయించిన ఆనాటి కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా.