ఖాళీ ఫైలులో పెద్దనాయిన

దయ్యాలంటే నాకు నవ్వులాట. శ్మశానం పక్కనే కిరాయి ఇంట్లో ఉండి గురకపెట్టి నిద్రపోయిన మనిషిని. అందుకే ఇది చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది.

నా పని శబ్దాలతో. బొమ్మలేసేవాళ్లు రంగులు వాడినట్టు నేను రికార్డు చేసిన చప్పుళ్లు వాడతాను. ఈ మధ్య సిద్దిపేటలో ఒక హాలు తీసుకుని, పాత ఫోన్లు దారాలకు వేలాడదీసి, జనం ఇచ్చిన వాట్సాప్ వాయిస్ మెసేజీలు వాటిలో వినిపించాను. "పాలు తెస్తున్న", "బస్సెక్కిన" లాంటివే. రోజూ ఇన్ని మాటలు పంపుకుంటాం, వినీ వినక చెరిపేస్తాం. అవన్నీ ఒకచోట మోగితే ఎట్లా ఉంటుందో చూపాలని నా తాపత్రయం.

కొండపాకలో మా పెద్దనాయిన కల్లు గీసేవాడు. నేను ఆ హాలు పనుల్లో ఉండగానే, ఎండాకాలంలో తాటిచెట్టు మీంచి పడి చనిపోయాడు. జేబులోని ఫోను ముక్కలైంది. మూడో రోజు పిట్టకు పెడితే ఒక్క కాకీ ముద్ద ముట్టలేదు. ఆయనకేదో కోరిక మిగిలిపోయిందని పెద్దమ్మకు దిగులు పట్టుకుంది. తిండి మానేసి ఎముకల గూడైంది. ఇట్లాగే ఉంటే ఈమె కూడా దక్కదని మాకు భయం.

"నీ తాన గిన్ని గొంతులున్నయి గద బిడ్డా, గాయిన గొంతు యాడన్న ఉంటదేమో సూడు" అంది పెద్దమ్మ.

చుట్టాల ఫోన్లన్నీ వెతికాను. ఒక్క ముక్క దొరకలేదు. చివరికి ఆయన కోసం ఒక ఫోనులో ఖాళీ ఫైలు పెట్టాను. మైకు వాడకుండా కంప్యూటర్‌లో చేసిన వట్టి నిశ్శబ్దం అది. ఫోనులో సిమ్ము కూడా లేదు.

హాలు తెరిచిన రోజు మధ్యాహ్నం పెద్దమ్మ అక్కడికి వచ్చింది. ఏమీ వినపడదని ముందే చెప్పి ఫోను చేతికిచ్చాను. నేనూ పక్కనే నిలబడ్డాను.

"తిన్నవానే?"

పెద్దనాయిన గొంతే. చెట్టు దిగి వచ్చినప్పటి ఆయాసంతో సహా. నా ఒళ్లు చల్లబడింది. పెద్దమ్మతో వచ్చి హాలు వాకిట్లో ఆగిన మా చెల్లె లోపలికి ఉరికొచ్చి, "పెద్దనాయిన మాట్లాడిండా?" అని అడిగింది.

పెద్దమ్మ ఏడవలేదు. "నేను తినంది గాయిన ఎన్నడు తిన్నడు? ఇంత బువ్వ పెట్టున్రి" అంది. అక్కడే కూర్చుని కడుపునిండా తిన్నది. నాకే ముద్ద దిగలేదు.

పక్క ఫోను చప్పుడై ఉంటుందని మిత్రులన్నారు. అన్నీ మళ్లీ విన్నాను, ఎందులోనూ ఆ మాట లేదు. ఖాళీ ఫైలు ఖాళీగానే ఉంది. ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. తెలిసినవాళ్లు దొరికితే అడగాలని ఉంది, అడగాలంటే భయంగానూ ఉంది.