బావమరిది ఇచ్చిన రెక్క

అతన్ని అందరూ టెస్టర్ అంటారు. చొక్కా జేబులో ఎప్పుడూ టెస్టర్ ఉంటుంది గనక ఆ పేరు వచ్చిందనుకుంటారు కొత్తవాళ్ళు. కాస్త పరిచయమయ్యాక అసలు సంగతి తెలుస్తుంది. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. తన చేత్తో చూడని లిఫ్టు ఎక్కడు. ఎన్ని అంతస్తులైనా మెట్లెక్కే పోతాడు. నీళ్ళ సీసా మూత తిప్పినప్పుడు టక్కుమనకపోతే కొట్టువాడి మొహాన కొట్టి వస్తాడు. భార్య "నిద్రొస్తోందండీ" అంటే, నిజంగా వస్తోందా, తన సోది వినలేక అంటోందా అని ఆవిడ రెప్పల వంక చూస్తాడు. "రెండోదే" అంటుంది ఆవిడ, కళ్ళు తెరవకుండానే.

ఇలాంటివాడికి ఒక మంచి వస్తువు ఊరికే వస్తే ఏమవుతుంది? ఒంట్లో జ్వరం వచ్చినట్టవుతుంది.

ఇచ్చినవాడు బావమరిది. సిటీ బస్సు డ్రైవరు. ఇద్దరికీ ఉన్న పిచ్చి ఒక్కటే, రేడియోతో ఎగరేసే చిన్న విమానాలు. బావమరిది పిల్లికి కూడా బిచ్చం పెట్టని రకం. స్క్రూ అప్పిస్తే సాయంత్రానికల్లా ఫోన్ చేసి అడుగుతాడు. అలాంటివాడు ఓ ఆదివారం పొద్దున్నే, ప్రాణంలా చూసుకునే రెక్క విమానాన్ని దుప్పట్లో చుట్టి తెచ్చి వంటగది బల్ల మీద పెట్టాడు.

"ఇక ఇది నీదే బావా. ఉంచుకో."

రెక్క విమానమంటే ఒట్టి రెక్కే. తోక ఉండదు, పొడుగాటి ఒళ్ళుండదు. గబ్బిలం గాల్లో బిగుసుకుపోయినట్టు ఉంటుంది. మోయాల్సిన దండగ బరువు లేదు, గాలికి అడ్డూ తక్కువ. అదే బ్యాటరీతో మామూలు విమానం కంటే చాలాసేపు తిరుగుతుంది. టెస్టర్‌కి కావలసింది సరిగ్గా అదే. రెండు గంటలు దిగకుండా ఎగరెయ్యాలని అతని కోరిక. దానికోసం ఒక్కో సెల్లూ పరీక్షించి, పనికిరానివి ఏరిపారేసి, నెలల తరబడి కూర్చుని పెద్ద బ్యాటరీ కట్టుకున్నాడు. ఉన్నది అదొక్కటే. తప్పుడు విమానంలో పెట్టి నేలకు కొట్టాడా, కోరిక అక్కడితో సరి. తను చేసుకున్న తోక విమానం నమ్మకస్తురాలే గానీ గంట తిరిగేసరికి ఆయాసపడిపోతుంది. ఇక మిగిలింది ఈ రెక్క.

"ఎందుకిస్తున్నావు?" అన్నాడు టెస్టర్.

"టైమ్ దొరకట్లేదు బావా."

"డ్యూటీ మారిందా?"

"లేదు."

"మరి మొన్నటిదాకా దొరికిన టైము ఇప్పుడెక్కడికి పోయింది?"

"అబ్బా! ఇస్తే తీసుకోవడం కూడా రాదా నీకు? అక్కా, ఈయనతో ఎలా వేగుతున్నావే?"

"నేను కలిపిన కాఫీ కూడా వాసన చూసి తాగుతార్రా," అంది అక్క పొయ్యి దగ్గర్నుంచి.

బావమరిది నవ్వాడు గానీ కూర్చోలేదు. కాఫీ ఇస్తున్నా ఆగకుండా వెళ్ళిపోయాడు. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకుంటున్నాడు వీడు, అనుకున్నాడు టెస్టర్.

తలుపు పడగానే తనిఖీ మొదలైంది. కుండ కొనేవాడిలా రెక్కని ఆ చివర నుంచి ఈ చివరిదాకా వేలితో తట్టి విన్నాడు. లోపలి కార్బన్ కడ్డీని కంటికి ఆనించి వంకరుందేమో చూశాడు. రెండు సగాలూ విడదీసి వంటింటి కాటా మీద తూచాడు. బరువు సరిగ్గా సమానం. అదీ అనుమానంగానే తోచింది. బ్యాటరీ గూడు కొలిచాడు. పెద్ద బ్యాటరీ చొక్కా కుట్టించినట్టు సరిపోయింది.

ఆఖరికి దొరికింది. రెక్క వెనక అంచున కదిలే పలకలు రెండుంటాయి. రేడియో మీద చెయ్యి వెయ్యకపోయినా ఆ రెండూ అగ్గిపుల్ల మందం పైకి లేచే ఉన్నాయి. ఎక్కడో కూల్చేశాడు, పలకల్ని కదిపే సన్న కడ్డీలు వంగాయి, చెప్పకుండా నాకంటగట్టాడు! టెస్టర్ మనసు కుదుటపడింది.

ఫోన్ చేసి అడిగితే పోయేది. కానీ అతనికో అలవాటుంది. దొరికిన తప్పుని వెంటనే బయటపెట్టడు, అదనుకోసం దాచుకుంటాడు. పైగా లిఫ్టు మనిషి; గడప, నేల ఒక్క మట్టానికి రాకపోతే ఊపిరాడదు. మట్టం చూసే గాజు గొట్టం తీసి, బుడగ నడిమధ్యకి వచ్చేదాకా కడ్డీలు తిప్పి, పలకల్ని రెక్కతో సమంగా దించేశాడు. తర్వాత బావమరిదికి ఫోన్ చేశాడు.

"నువ్వు పక్కన లేకుండా ఎగరెయ్యను. రా."

"నేనెందుకు బావా..."

"రా అన్నానా!"

ఊరి చివర మూతపడ్డ ఇటుక బట్టీ వెనక గడ్డిమైదానం ఉంది. పెద్ద బ్యాటరీ పెట్టేంత నమ్మకం ఇంకా కుదరక, పాత చిన్న బ్యాటరీ పెట్టి, ముందు భాగంలో సీసం ముక్కలతో బరువు సరిచేశాడు. మోటారు వేసి విసిరాడు. రెక్క పది అడుగులు పోయి, ముక్కు వంచి, నేలలో ఏదో పారేసుకున్నట్టు గడ్డిలోకి దూరింది.

"వంగిన సరుకు నాకిచ్చి దానకర్ణుడిలా నవ్వుతావా?" అరిచాడు టెస్టర్. "కూల్చినవాడివి కూల్చానని చెప్పి చావొచ్చుగా!"

బావమరిది రెక్కని ఎత్తుకున్నాడు. వెనక అంచు వెంట బొటనవేలు పోనిచ్చాడు.

"పలకలు ఎవరు దించారు?"

"నేనే. వంకర తీశాను."

"వంకరా? ఒరి నాయనో! తోక ఉన్నదానికి ముక్కు ఎత్తిపట్టేది తోక. దీనికి తోకేది? ఆ ఎత్తే దీని తోక! నన్నడిగితే నోరు అరిగిపోతుందా?"

టెస్టర్‌కి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నలిగిన ముక్కుకి జిగురు పూసి, టేపు చుట్టి, పలకల్ని మళ్ళీ అగ్గిపుల్ల మందం లేపాడు. ఈసారి విసిరితే రెక్క గాల్లో బల్ల మీద పెట్టినట్టు నిలబడింది. నాలుగు చుట్లు తిప్పి దించాడు. ఇక వంక లేదు. సీసం తీసేసి పెద్ద బ్యాటరీ పెట్టి వదిలాడు.

గంట దాటినా బ్యాటరీ సగం కూడా దిగలేదు. రెండు గంటలు చేతికందుతున్నాయి. అయినా అతని అనుమానం పోలేదు. విమానం మంచిది. ఇంత మంచిదాన్ని ఎందుకిచ్చాడు?

పైకెళ్ళాక రెక్క ఒట్టి గీత. వస్తోందో పోతోందో పోల్చుకోవడం ఎవరికైనా కష్టమే.

"ఒరేయ్, ఎటు పోతోంది?"

"అటే, దూరంగా," అన్నాడు బావమరిది తలెత్తి.

అది తిన్నగా వాళ్ళ మీదకే వస్తోంది.

టెస్టర్ వేలు కదిపి మోటారు ఆపేశాడు. చప్పుడు లేకుండా జారుతున్న రెక్కని ఎడమవైపు, ఇటుక బట్టీ గొట్టం మీదుగా తిప్పాడు. బావమరిది మొహం మాత్రం చప్పుడు ఆగిన చోటే ఉంది. ఖాళీ ఆకాశాన్ని శ్రద్ధగా చూస్తున్నాడు. టెస్టర్ మోటారు వేశాడు. ఆ మెడ చటుక్కున ఎడమకి తిరిగింది.

మళ్ళీ ఆపాడు. మళ్ళీ అంతే.

"ఎన్నాళ్ళైంది?"

"ఏంటి?"

"కళ్ళు."

బావమరిది వంగి ఓ గడ్డిపరక పీకాడు. "ఎండాకాలం నుంచి. తోక ఉంటే ఎలాగోలా పోల్చుకునేవాణ్ణి. దీన్ని ఇంట్లో ఉంచితే, ఎందుకు ఎగరెయ్యవని మా ఆవిడ అడుగుతోంది."

"బస్సు?"

"దారి కంఠతా వచ్చు బావా. దీపాలు కనపడతాయి. మనుషులే... కాస్త ఆలస్యంగా కనపడుతున్నారు."

టెస్టర్ రెక్కని కిందికి మళ్ళించాడు.

"ఇంకా బ్యాటరీ ఉందిగా! దించుతావేం?"

"ఉంటే ఉంది." రెక్క గడ్డి మీద కడుపుతో జారి ఆగింది. "లిఫ్టు మీద అనుమానమొస్తే నేనేం చేస్తానో తెలుసా? కరెంటు తీసేసి బోర్డు తగిలిస్తా. పై అంతస్తు ముసలాయన అమ్మానాన్నల్ని కలిపి తిట్టినా తియ్యను."

"నేను లిఫ్టుని కాదు."

"అవును. లిఫ్టులో ఎనిమిదిమందే పడతారు. డిపోకి ఫోన్ చెయ్, రేపు రానని. పొద్దున్నే కంటి డాక్టరు దగ్గరికి పోదాం."

"ఉద్యోగం పోతుంది బావా."

"పోవచ్చు."

"అబద్ధమైనా 'పోదులేరా' అనొచ్చుగా!"

"నాకు తెలియని దాన్ని ఎలా చెప్పను? చెయ్."

"ఇంటికెళ్ళి చేస్తా."

"ఇక్కడే."

బావమరిది ఫోన్‌ని ముక్కుకి తగిలేంత దగ్గర పెట్టుకుని నంబరు వెతికి చెవిన పెట్టుకున్నాడు. "మోగుతోంది" అన్నాడు. టెస్టర్ ఆ మాట నమ్మలేదు. పక్కకి జరిగి, భుజం మీద చెయ్యి వేసి, తన చెవి కూడా ఫోన్‌కి ఆనించాడు. నిజంగానే మోగుతోంది. అయినా అవతలివాడు హలో అనేదాకా చెవి తియ్యలేదు. ఆ తర్వాత కూడా భుజం మీది చెయ్యి తియ్యలేదు.