సొరంగంలో వెలిగిన చుక్కలు

అరకు నుంచి దిగే రైల్లో నా ఎదుట కూర్చున్నావిడ ఒళ్లోని పాపకి సీసాతో నీళ్లు తాగిస్తోంది. వాళ్ల ఊరి కొండ ఊట నీళ్లట. ఊరి పేరు విని ఉలిక్కిపడ్డాను. మొన్న నేను ల్యాబు పరీక్షకి నీళ్లు పట్టింది అక్కడే. వాటిని వడగట్టి, నీలం వెలుగులో మెరిసే రంగు పట్టించిన కాగితం నా సంచిలోనే ఉంది.

సొరంగం రాగానే ఉబలాటం ఆపుకోలేక, ఆవిడకి ఆ మెరుపు కనబడే నారింజ కళ్లద్దాలు పెట్టి, కాగితం మీద నీలం టార్చి వేశాను. చుక్కలు చుక్కలుగా వెలిగాయి.

"ఏటమ్మా ఇవి?"

"ప్లాస్టిక్ నలుసులు. మీ ఊట నీళ్లలోవే."

ఆవిడ టార్చి లాక్కుని పాప నోట్లోకి వెలుగు వేసి చూసింది. ఏమీ వెలగలేదు. హమ్మయ్య అనుకుంది.

నేను ఊరుకోవలసింది. "రంగు వేస్తేనే కనబడతాయి," అన్నాను.

"అయితే ఈ గుంట నోట్లో ఎయ్యమ్మా ఆ రంగు! బేగి!"

సొరంగం దాటాం. పగటి వెలుతురులో, ఆవిడ ఇంకా పాప నోరు తెరిచే పట్టుకుంది.